సిగ్నల్ లేని కొండ దారుల్లో ఆఫ్‌లైన్ మ్యాప్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

మలుపు_తర్వాత:

అందరికీ నమస్తే. వచ్చే నెల మేం కొంతమందిమి కలిసి కొండల వైపు వెళ్తున్నాం, ఒక కారు, రెండు బైకులు. చివరి పెద్ద ఊరు దాటాక సిగ్నల్ ఉండదట, ఉన్నా ఒక గీత వచ్చి పోతుంటుందని ముందే వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పారు. మధ్యలో ఒక రోజు బండ్లు ఆపేసి నడక కూడా ఉంది, అడవిలోంచి పైకెక్కి అదే రోజు దిగిపోవాలి. దారి చూపించే పని నా నెత్తిన పడింది, ఎందుకంటే మా గుంపులో 'నువ్వైతే ఫోన్ బాగా చూస్తావు కదా' అన్న పేరు నాకే ఉంది మరి.

ఆ ప్రాంతమంతా మ్యాప్ డౌన్‌లోడ్ చేసి, ఇంట్లోనే ఏరోప్లేన్ మోడ్ పెట్టి చూశాను. కొన్ని విషయాలు అర్థం కావట్లేదు. మొదటిది, మ్యాప్ బాగానే తెరుచుకుంది కానీ నేనున్న చోటు చూపించే నీలం చుక్క బూడిద రంగులోకి మారి అలాగే ఉండిపోయింది, బాల్కనీలోకి వెళ్ళి చాలాసేపు నిలబడితే గానీ కదల్లేదు. అంటే జీపీఎస్‌కి కూడా నెట్ కావాలా? రెండోది, కారు దారి చూపిస్తోంది కానీ నడక దారి అడిగితే రావట్లేదు. మూడోది, నెట్ ఉన్నప్పుడు పేరు సగం కొట్టగానే దొరికే చోట్లు ఇప్పుడు పూర్తిగా కొట్టినా దొరకట్లేదు. ఇంకా శాటిలైట్ వ్యూ నొక్కితే మసక గళ్ళు తప్ప ఏమీ లేవు.

ఇవన్నీ నా ఫోన్ సెట్టింగులా, లేక ఆఫ్‌లైన్ అంటేనే ఇంతా? వేరే యాప్ వాడాలంటే ఏది? మా మామయ్య అయితే 'సిమ్ తీసేస్తే జీపీఎస్ కూడా పోతుంది రా' అని గట్టిగా వాదిస్తున్నాడు, దానికి కూడా ఒక జవాబు ఇవ్వండి, చూపిస్తాను.

చుక్కల_లెక్క:

మీ సందేహాల్లో సగం ఒకే ముడి దగ్గర చిక్కుకున్నాయి. మ్యాప్ వేరు, మీరు ఎక్కడున్నారో తెలియడం వేరు. మీరు డౌన్‌లోడ్ చేసింది మొదటిదాన్నే. రెండోది ఎప్పటికప్పుడు ఆకాశం నుంచి రావాల్సిందే, దాన్ని ముందే దింపి దాచుకునే వీలు లేదు.

జీపీఎస్‌కి సిమ్ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు. ఆ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ తమ సమయాన్ని, తమ కక్ష్య వివరాల్ని రేడియోలో ప్రసారం చేస్తూనే ఉంటాయి. ఫోన్ వింటుంది, అంతే, పైకి ఏమీ పంపదు. కనీసం నాలుగు ఉపగ్రహాలు వినబడితే లెక్క కుదురుతుంది. చోటు తేల్చడానికి మూడు చాలు కదా అంటారు చాలామంది, కానీ ఉపగ్రహాల్లో ఉన్నవి అణు గడియారాలు, ఫోన్లో ఉన్నది మామూలు గడియారం, ఆ గడియారం తప్పుని పట్టుకోడానికి నాలుగోది కావాలి. ఇప్పటి ఫోన్లు జీపీఎస్‌తో పాటు గ్లోనాస్, గెలీలియో, బైడూ ఉపగ్రహాల్ని కూడా వింటాయి కాబట్టి ఆకాశం కనబడే చోట నాలుగు దొరకడం కష్టమేం కాదు. మీ మామయ్యకి ఇది చూపించండి, ఇంకా నమ్మకపోతే సిమ్ తీసి ఆరుబయట పెట్టి చూపించండి.

మరి ఆ ఆలస్యం ఎందుకు వచ్చిందంటారా? జీపీఎస్ ఉపగ్రహం తన కక్ష్య వివరాల్ని పంపే వేగం సెకనుకు 50 బిట్లు. అవును, కిలోబిట్లు కూడా కాదు. తన సొంత వివరాలు ఒక చుట్టు పూర్తయ్యేసరికి 30 సెకన్లు పడుతుంది, మొత్తం ఉపగ్రహాల స్థూల పట్టిక అంతా రావాలంటే 12.5 నిమిషాలు. నెట్ ఉన్నప్పుడు ఫోన్ ఇవే వివరాల్ని సర్వర్ నుంచి క్షణాల్లో లాగేసుకుంటుంది, ఏ-జీపీఎస్ అనేది అదే. నెట్ లేకపోతే ఆ నత్తనడక ప్రసారాన్నే ఓపిగ్గా వినాలి, మధ్యలో చెట్టో గోడో అడ్డొచ్చి కొంత ముక్క పోతే ఆ ముక్క మళ్ళీ వచ్చేదాకా ఆగాలి. పైగా ఈ కక్ష్య వివరాలు కొన్ని గంటలకే పాతబడిపోతాయి, కాబట్టి రాత్రి ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి పొద్దున్నే తీస్తే మొదటి చుక్కకి మళ్ళీ కాసేపు పడుతుంది.

ఇంట్లో ఉన్నప్పుడు మామూలుగా చుక్క చటుక్కున వస్తుంది కదా, అది చాలాసార్లు జీపీఎస్ కాదు. చుట్టుపక్కల వైఫై రౌటర్లు ఏవి కనబడుతున్నాయో చూసి, వాటి చిరునామాల్ని సర్వర్‌లో పోల్చి చోటు చెబుతుంది. నెట్ కట్ చేయగానే ఆ ఊతం పోయింది, స్లాబు కింద ఉపగ్రహాలు వినబడవు, అందుకే బూడిద చుక్క. బూడిద చుక్క అంటే 'ఇప్పుడు ఇక్కడున్నారు' అని కాదు, 'చివరిసారి ఇక్కడ చూశాను' అని.

అక్కడికెళ్ళాక చేయాల్సింది ఒకటే. బయల్దేరే ముందు బండి ఆపిన చోటే, ఆకాశం బాగా కనబడే చోట ఫోన్ పట్టుకుని కదలకుండా కాసేపు నిలబడండి. చుక్క నీలం అయ్యి, దాని చుట్టూ ఉన్న లేత వలయం చిన్నదయ్యాక కదలండి. ఆ వలయం ఎంత పెద్దదైతే ఫోన్‌కి అంత అనుమానం ఉన్నట్టు. ఆరుబయట మామూలు ఫోన్ దాదాపు 5 మీటర్ల లోపు తేడాతో చెబుతుంది, ఇరుకు లోయలో సిగ్నల్ కొండ గోడకి కొట్టుకుని తిరిగొస్తే మాత్రం మీరు రోడ్డు మీద ఉన్నా చుక్క వాగులో ఉంటుంది, కంగారు పడొద్దు. ఇంకో మాట, కొన్ని కార్ల అద్దాలకి వేడి ఆపే లోహపు పూత ఉంటుంది, అది సిగ్నల్‌ని బాగా తగ్గిస్తుంది. కారులో చుక్క రాకపోతే ఫోన్ ఒకసారి కిటికీ బయట పెట్టి చూడండి.

గుట్టదారి:

పైన చెప్పింది చుక్క సంగతి, నేను మ్యాప్ సంగతి చెప్తాను.

మీరు వాడుతున్నది గూగుల్ మ్యాప్స్ అయితే మీ ఫోన్‌లో తేడా ఏమీ లేదు, వాళ్ళ సహాయ పేజీలోనే ఉంది: ఆఫ్‌లైన్‌లో బండి దారి మాత్రమే వస్తుంది, నడక, సైకిల్, బస్సు-రైలు దారులు రావు. ట్రాఫిక్ ఉండదు, ప్రత్యామ్నాయ దారులు ఉండవు, ఏ లేన్‌లో ఉండాలో చెప్పదు. డౌన్‌లోడ్ చేసిన ప్రాంతానికి గడువు కూడా ఉంటుంది, ఆఫ్‌లైన్ మ్యాప్స్ జాబితాలో దాని పేరు కింద తేదీ కనబడుతుంది. గడువు దగ్గరపడితే వైఫై తగిలినప్పుడు అదే అప్‌డేట్ చేసుకోడానికి చూస్తుంది, కానీ వెళ్ళే ముందు రోజు మీరే చేత్తో అప్‌డేట్ నొక్కడం మంచిది. కొన్ని ప్రాంతాలకైతే అసలు డౌన్‌లోడ్ చేసుకోనివ్వదు కూడా.

శాటిలైట్ ఫొటోలు ఎందుకు రావంటే, దింపుకున్న మ్యాప్ బొమ్మ కాదు. రోడ్డు అంటే వరసగా కొన్ని బిందువులు, వాటి మధ్య గీత, దాని పేరు, అది ఎంత పెద్ద రోడ్డు అన్న సమాచారం, అంతే. దాన్ని ఫోన్ అప్పటికప్పుడు గీసి చూపిస్తుంది, అందుకే ఒక పెద్ద ప్రాంతం కూడా కొన్ని వందల ఎంబీల్లో సర్దుకుంటుంది. ఫొటోలు అయితే ఎంత చోటైనా చాలదు.

వెతుకులాట సంగతి. నెట్ ఉన్నప్పుడు మీరు తప్పు స్పెల్లింగ్ కొట్టినా, సగం కొట్టినా సర్వర్ మీ మనసు చదివినట్టు సరిచేసి పెడుతుంది. ఆఫ్‌లైన్‌లో ఫోన్లో ఉన్న చిన్న జాబితాలో మాత్రమే వెతుకుతుంది. మ్యాప్‌లో పేరు ఏ లిపిలో, ఏ స్పెల్లింగుతో ఉందో అలాగే కొట్టాలి చాలాసార్లు. దీనికి మందు వెతకడం మానేయడమే. ఇంట్లో నెట్ ఉన్నప్పుడే ఆగాల్సిన చోట్లు, బస, పెట్రోలు బంకు, నడక మొదలయ్యే చోటు, ఆసుపత్రి, అన్నీ మ్యాప్ మీద సేవ్ చేసుకోండి. అక్కడ వేలితో నొక్కడమే తప్ప టైపు చేసే పని ఉండకూడదు.

నడకకి మాత్రం వేరే యాప్ తప్పదు. ఆర్గానిక్ మ్యాప్స్ గానీ ఓఎస్ఎమ్‌అండ్ గానీ పెట్టుకోండి, రెండూ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (మామూలు జనం స్వచ్ఛందంగా గీసే మ్యాప్) డేటా మీద నడుస్తాయి, రెండిట్లోనూ నడక దారి నెట్ లేకుండానే ఫోన్‌లోనే లెక్క కడుతుంది. మొదటిది తేలిక, ప్రకటనలు ఉండవు, తెరిచిన వెంటనే అర్థమైపోతుంది. రెండోదాంట్లో లేని సెట్టింగ్ లేదు, మొదటిసారి తెరిచినవాళ్ళకి తల ప్రాణం తోకకొస్తుంది, పైగా ప్లేస్టోర్‌లో ఉచితంగా దొరికే దాంట్లో ఎన్ని మ్యాపులు దింపుకోవచ్చో పరిమితి ఉంది. మీకు ఇప్పుడు సమయం తక్కువ కాబట్టి మొదటిదే చాలు అంటాను.

ఇవి ప్రాంతాల వారీగా దిగుతాయి. మీ దారి రెండు ప్రాంతాల సరిహద్దు దాటి వెళ్తుంటే రెండూ దింపాలి, గమ్యం ఉన్న ముక్క ఒక్కటీ దింపి మధ్య ముక్క వదిలేస్తే దారి లెక్క మొదలే కాదు. గూగుల్‌లో కూడా అంతే, దింపాల్సిన ప్రాంతం చుట్టూ చట్రం గీసేటప్పుడు మీ దారికి ఆనుకుని కాకుండా అటూ ఇటూ బాగా వదులుగా గీయండి. రోడ్డు మూసేసి చుట్టు తిరగాల్సి వస్తే ఆ చుట్టుదారి కూడా చట్రంలోనే ఉండాలి కదా.

పాతఫోన్_గట్టిఫోన్:

ఇంత చదివే ఓపిక లేనివాళ్ళ కోసం: ఒకసారి చూసిన మ్యాప్ గుర్తుంటుందని నమ్మకండి. జూమ్ చేసి చూసినంత మేర తాత్కాలికంగా ఫోన్లో ఉంటుంది, రేపటికి ఉంటుందన్న గ్యారంటీ లేదు. 'డౌన్‌లోడెడ్' అని కనబడితేనే ఉన్నట్టు. అలాగే ఫోన్ శుభ్రం చేస్తామనే క్లీనర్ యాప్‌లు, 'క్లియర్ స్టోరేజ్' బటన్, ఈ రెండిటికీ వారం ముందు నుంచే దూరంగా ఉండండి, మ్యాపులు కూడా చెత్తతో పాటు ఊడ్చుకుపోతాయి.

మలుపు_తర్వాత:

చాలా థ్యాంక్స్ అండీ, మామయ్యకి చూపించాను, 'సరేలే' అన్నాడు, అదే ఎక్కువ. ఆర్గానిక్ మ్యాప్స్ దింపాను, నడక దారి కూడా వచ్చింది. కానీ ఇప్పుడు కొత్త టెన్షన్ మొదలైంది. కారు దారికి ఒక యాప్ చుట్టూ తిప్పుతోంది, ఇంకోటి అడవి మధ్యలోంచి సగం దూరంలో తీసుకెళ్తానంటోంది, రెండోదాన్ని నమ్మొచ్చా? అలాగే నడక దారి సన్నటి చుక్కల గీతలా ఉంది, అది నిజంగా నేల మీద ఉంటుందా? ఇంకొకటి, కారు, బైకులు విడిపోతే ఒకళ్ళకొకళ్ళు ఎక్కడున్నామో ఎలా చెప్పుకోవాలి, లైవ్ లొకేషన్ నెట్ లేకుండా రాదు కదా?

గీతల_పిచ్చి:

ఇది నా సబ్జెక్టు, కొంచెం పొడుగవుతుంది, ఓర్చుకోండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో తీరిక దొరికినప్పుడల్లా రోడ్లు గీసే పిచ్చి నాకుంది. 2004లో మొదలైన ప్రాజెక్టు, నాలాంటి వాళ్ళు గీసిందే మీ ఫోన్లోకి వస్తుంది, కాబట్టి ఆ గీత వెనక ఏం జరుగుతుందో చెప్తే ఎంత నమ్మాలో మీకే తెలుస్తుంది.

ఎక్కువ రోడ్లు శాటిలైట్ ఫొటో ముందు పెట్టుకుని ఇంట్లో కూర్చుని గీసినవే. పైనుంచి చూస్తే తెల్లటి సన్నని చార కనబడుతుంది, దారి అనుకుని గీస్తాం. అది నిజంగా జీపు పోయే దారా, పశువులు పోయే బాటా, ఎండిపోయిన వాగు అడుగా అన్నది ఫొటోలో కొన్నిసార్లు తెలియదు. జాగ్రత్తగా గీసేవాళ్ళు దాన్ని 'ట్రాక్' అని, అంటే బండి బాట అని గుర్తిస్తారు, నేల తారా, కంకరా, మట్టా అన్నది తెలిస్తే రాస్తారు, తెలియకపోతే ఖాళీగా వదిలేస్తారు. యాప్ ఆ ఖాళీని చూసి ఏదో ఒక వేగం ఊహించుకుని దారి లెక్క కడుతుంది. అందుకే అడవి మధ్యలోంచి పోయే గీత కాగితం మీద గెలిచేస్తుంది. మీకు వచ్చిన సగం దూరం దారి ఇలాంటిదే అయ్యుండటానికి చాలా అవకాశం ఉంది.

ముందుగా యాప్‌లో దారి ఎంపికల్లోకి వెళ్ళి మట్టి రోడ్లు వద్దు అన్నది ఆన్ చేయండి, ఆర్గానిక్ మ్యాప్స్‌లోనూ ఓఎస్ఎమ్‌అండ్‌లోనూ ఉంది. అప్పుడు దారి మారిపోతే ఆ అడ్డదారి మట్టిదేనని తేలిపోయినట్టు. మారకపోతే సంబరపడకండి, నేల సంగతి రాయని రోడ్డుని యాప్ మంచిదే అనుకుని ఉండొచ్చు. ఇంట్లో నెట్ ఉండగానే అదే దారిని శాటిలైట్ వ్యూలో వేలితో అంగుళం అంగుళం జరుపుతూ చూడండి, ముఖ్యంగా వాగు దాటే చోట్లు. గీత వాగుకి అటూ ఇటూ ఉంది కానీ మధ్యలో వంతెన నీడ లేదు అంటే అక్కడ నీళ్ళలోంచే దాటాలి, వానాకాలంలో అది దారి కాదు. మ్యాప్‌కి కాలాలు తెలియవు, నిన్న రాత్రి కొండచరియ పడిందనీ తెలియదు.

నడక బాట దగ్గర ఇంకో ఇబ్బంది. దట్టమైన అడవిలో చెట్ల కింద బాట పైనుంచి కనబడదు. కాబట్టి అక్కడ చుక్కల గీత ఉందంటే సాధారణంగా ఎవరో జీపీఎస్ పెట్టుకుని నడిచి, ఆ నడిచిన దారి నమోదుని మ్యాప్‌లోకి ఎక్కించి ఉంటారు. ఇది మంచి వార్తే, ఒకప్పుడైనా అక్కడ మనిషి నడిచాడు. చెడ్డ వార్త ఏంటంటే చెట్ల కింద జీపీఎస్ పది ఇరవై మీటర్లు ఊగుతుంది, అది నమోదు చేసిన రోజు ఊగింది, మీరు నడిచే రోజూ ఊగుతుంది, రెండు తప్పులూ కలిస్తే మీరు బాట మీదే ఉన్నా చుక్క పక్కన ఉంటుంది, లేదా అటుదిటు. అలాంటప్పుడు కళ్ళెదుట అరిగిన బాట ఉంటే దాన్నే నమ్మండి, చుక్కని గీత మీదకి తేవాలని పొదల్లోకి దూరకండి. దిగేటప్పుడు అయితే మరీ జాగ్రత్త, ఐదారు మీటర్ల తేడా మ్యాప్‌లో ఏమీ కాదు, నేల మీద అది బాటకీ బండ అంచుకీ మధ్య దూరం కావచ్చు.

యాప్‌లో లేయర్స్ బటన్ నొక్కి కాంటూర్ గీతలు, అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలిపే గీతలు, పెట్టుకోండి, ఆర్గానిక్ మ్యాప్స్‌లో ఉన్నాయి. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే నిటారు, దూరంగా ఉంటే చదును. రెండు కిలోమీటర్లే కదా అనిపించే బాట పదిహేను కాంటూర్లని అడ్డంగా కోసుకుంటూ పోతుంటే అది రెండు కిలోమీటర్ల పని కాదు. బండి దారికి కూడా అంతే, ఆఫ్‌లైన్‌లో చూపించే సమయంలో ఎదురొచ్చే లారీలు, పొగమంచు, హెయిర్‌పిన్ మలుపు దగ్గర రివర్స్ చేసుకునే కారు ఇవేవీ ఉండవు. చీకటి పడకముందు చేరాలంటే ఆ సంఖ్యకి మీరే బోలెడు కలుపుకోండి.

చివరిగా, నడక మొదలెట్టగానే ట్రాక్ రికార్డింగ్ ఆన్ చేయండి. ఎవరో గీసిన బాట ఉన్నా లేకపోయినా మీరు ఎక్కిన దారి గీతలా పడుతుంది, దిగేటప్పుడు దాన్నే పట్టుకుని రావొచ్చు. నా లెక్కలో ఆఫ్‌లైన్ మ్యాప్ యాప్‌లో అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే, దారి వెతకడం కన్నా కూడా. ఒక్కటే చూసుకోండి, కొన్ని ఫోన్లు బ్యాటరీ పొదుపు పేరుతో స్క్రీన్ ఆరగానే వెనక నడిచే యాప్‌ని ఆపేస్తాయి. సెట్టింగుల్లో ఆ యాప్‌కి బ్యాటరీ పరిమితి తీసేసి, మీ వీధి చుట్టూ స్క్రీన్ ఆపి ఒకసారి నడిచి చూడండి, గీత మధ్యలో తెగిందంటే ఇంకా సెట్ కాలేదన్నట్టు.

పొట్టి_మెసేజ్:

విడిపోతే ఎలా అన్నదానికి: లైవ్ లొకేషన్ రాదు, నిజమే. కానీ డేటా చచ్చిపోయిన చోట కూడా ఒక గీత సిగ్నల్ ఉంటే మామూలు ఎస్సెమ్మెస్ పోతుంది. మ్యాప్‌లో మీ చుక్క మీద వేలు నొక్కి పట్టుకుంటే అక్షాంశ రేఖాంశాల సంఖ్యలు వస్తాయి, అవి కాపీ చేసి పంపండి, అవతలివాళ్ళు తమ ఆఫ్‌లైన్ మ్యాప్‌లో సెర్చ్‌లో అతికిస్తే పిన్ను పడుతుంది. దానికి నెట్ అక్కర్లేదు. లింకు పంపకండి, అది తెరవాలంటే నెట్ కావాలి.

దశాంశం తర్వాత ఐదు అంకెలు చాలు, అది దాదాపు ఒక మీటరు. నాలుగు అంకెలైనా పదకొండు మీటర్ల లోపే. మొదట అక్షాంశం, తర్వాత రేఖాంశం, తిరగేస్తే ఏ సముద్రంలోనో తేలుతారు.

గొడవ ఇక్కడుంది: కొన్ని యాప్‌లు డిగ్రీలు దశాంశంలో చూపిస్తాయి, కొన్ని డిగ్రీలు-నిమిషాలు-సెకన్లలో. ఫోన్లో నోటితో చెప్పేటప్పుడు 'ఇరవై, యాభై' అన్నారనుకోండి. ఒకళ్ళు 20.50 అని రాసుకుంటారు, చెప్పినవాళ్ళ ఉద్దేశం 20 డిగ్రీల 50 నిమిషాలు, అంటే దశాంశంలో 20.833. ఒక డిగ్రీ అక్షాంశం దాదాపు 111 కిలోమీటర్లు కాబట్టి తేడా సుమారు 37 కిలోమీటర్లు. బయల్దేరే ముందే అందరి ఫోన్లలో ఒకే పద్ధతి పెట్టుకోండి, దశాంశమైతే తేలిక.

ఇక సిగ్నల్ అసలే లేని చోట ఏ యాప్‌నీ నమ్ముకోవద్దు. ఫలానా చోట ఆగుతాం, ఫలానా సమయం దాకా చూస్తాం, రాకపోతే వెనక్కి ఫలానా చోటికి వస్తాం అని ముందే అనుకోండి. ఆ చోట్లు అందరి ఫోన్లలోనూ సేవ్ అయి ఉండాలి, ఒక్కళ్ళ ఫోన్లో కాదు. ఆ ఒక్క ఫోనే నీళ్ళలో పడుతుంది.

పాతఫోన్_గట్టిఫోన్:

బ్యాటరీ గురించి ఎవరూ అడగలేదు కానీ చెప్తాను. జీపీఎస్ బ్యాటరీ తినేస్తుందని లొకేషన్ ఆఫ్ చేసేవాళ్ళు ఉంటారు, అసలు తినేది స్క్రీన్, ఎండలో వెలుతురు ఫుల్‌గా పెట్టి చేతిలో పట్టుకుని నడుస్తారు చూడండి, అది. రెండోది సిగ్నల్ లేని చోట టవర్ కోసం ఫోన్ చేసే వెతుకులాట. నడకలో ఏరోప్లేన్ మోడ్ పెట్టేయండి, జీపీఎస్ పనిచేస్తూనే ఉంటుంది, బ్యాటరీ ఎంతో మిగులుతుంది. ఆ టైములో కాల్స్ రావు కాబట్టి గుంపులో ఒకళ్ళది మాత్రం మామూలుగా ఉంచండి.

కారులో డ్యాష్‌బోర్డు మీద ఎండలో పెట్టి ఛార్జింగ్ చేస్తే ఫోన్ వేడెక్కి స్క్రీన్ మసకబారుతుంది, ఛార్జింగ్ కూడా ఆపేస్తుంది, ఏసీ గాలి తగిలే చోట తగిలించండి. పవర్ బ్యాంక్ ఎలాగూ తీసుకెళ్తారు, కేబుల్ రెండోది కూడా పెట్టుకోండి, తెగేది అదే.

మలుపు_తర్వాత:

గీతల_పిచ్చి గారూ, మీరు చెప్పినట్టు మట్టి రోడ్లు వద్దు అని పెట్టగానే ఆ అడ్డదారి మాయమైపోయింది, రెండు యాప్‌లూ ఇప్పుడు ఒకే చుట్టుదారి చూపిస్తున్నాయి. శాటిలైట్ వ్యూలో చూస్తే ఆ అడ్డదారి వాగుని మూడు చోట్ల దాటుతోంది, ఒక్కచోట కూడా వంతెన లేదు! ఆఖరి ప్రశ్న. బైకు మీద వచ్చే ఒకతనిది ఐఫోన్, ఇంకొకతను వైఫై ట్యాబ్లెట్ తెస్తానంటున్నాడు, స్క్రీన్ పెద్దది కదా అని. వాటిలో ఏం పెట్టాలి?

గుట్టదారి:

ఐఫోన్‌లో ఆర్గానిక్ మ్యాప్స్ అలాగే ఉంది, అదే పెట్టించండి, అందరిదీ ఒకే మ్యాప్ అయితే మాట్లాడుకోవడం తేలిక. ఆపిల్ సొంత మ్యాప్స్‌లో కూడా 2023లో వచ్చిన ఐఓఎస్ 17 నుంచి ఆఫ్‌లైన్ డౌన్‌లోడ్ ఉంది, రెండోదిగా ఉంచుకోవచ్చు. లొకేషన్ అనుమతిలో 'ప్రిసైజ్ లొకేషన్' ఆన్‌లో ఉందో లేదో చూడమనండి, అది ఆఫ్‌లో ఉంటే చుక్క బదులు పెద్ద వలయం మాత్రమే వస్తుంది.

ట్యాబ్లెట్ దగ్గరే ఆగండి. సిమ్ పెట్టే వీలు లేని, వైఫై ఒక్కటే ఉన్న ఐప్యాడ్లలో జీపీఎస్ చిప్పే ఉండదు, మిగతా కంపెనీల వైఫై ట్యాబ్లెట్లలో కొన్నింటికి ఉంటుంది, కొన్నింటికి ఉండదు. సిమ్ వేయడానికీ జీపీఎస్‌కీ సంబంధం లేదని పైన చెప్పుకున్నాం, కానీ సిమ్ చోటు ఉన్న మోడల్‌లోనే ఆ చిప్పు పెట్టడం కొన్ని కంపెనీల అలవాటు. మీ మామయ్య వాదన అక్కడ నుంచి పుట్టిందేమో కూడా! అతన్ని ఇప్పుడే వైఫై ఆపేసి ఆరుబయట నిలబడి పావుగంట చూడమనండి. చుక్క రాకపోతే ఆ ట్యాబ్లెట్‌ని కాంటూర్ గీతలు అందరూ చుట్టూ చేరి చూడటానికి వాడుకోండి, దారి మాత్రం ఫోన్లో చూడండి.